విస్తరి మీద అరచెయ్యి

గడ్డపోతారంలో మా ఫ్యాక్టరీ షుగరు జబ్బు గోలీలకు ముడిసరుకు తయారు చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పొడిని డ్రమ్ములకెత్తించే సూపర్‌వైజర్‌ను కాబట్టి, ఆ జబ్బు నా జోలికి రాదని ఎందుకో గట్టి నమ్మకం ఉండేది. కంపెనీవాళ్లు ఏటా చేయించే రక్తపరీక్షలో నేను షుగరు గడప మీద నిలబడ్డానని తేలింది. గోలీలు ఇంకా అక్కర్లేదు, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిలోపే తిండి ముగించి, తర్వాత మంచినీళ్లతో సరిపెట్టుకోమన్నాడు సంగారెడ్డి డాక్టరు.

ఆయన నాకు చెప్పింది ఒక్కసారి. నేను జనానికి చెప్పిందానికి లెక్కలేదు. క్యాంటీన్‌లో ఎవరు సాయంత్రం మిర్చి బజ్జీ ముట్టినా పక్కన చేరి ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ని. బిహార్ నుంచి వచ్చిన కార్మికులు నన్ను చూడగానే టిఫిన్ డబ్బాల మూతలు పెట్టేసేవారు. ప్యాంటు కాస్త వదులయ్యేసరికి నా తల ఆకాశానికంటింది. ఇంట్లో ఆరు దాటాక వంటింటి వైపు చూసేవాణ్ని కాదు. నేను చూడకపోవడాన్ని మా ఆవిడ చూస్తోందా లేదా అన్నది మాత్రం చూసేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా అన్న ఊరి నుంచి వచ్చి పిలిచాడు. పొలం గెట్టు జానెడు అటా ఇటా అన్న పంచాయితీలో మాటా మాటా పెరిగి, మూడేళ్లుగా మాకు మాటల్లేవు. మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం, మధ్యాహ్నానికి యాటపోతును కోసి కూర పెడుతున్నాం, రమ్మని గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మా వైపు గొడవపడ్డవాళ్ల ఇంట్లో ముద్ద తింటే గొడవ తెగినట్టు, తినకపోతే ఉన్నట్టు. అన్న పిలిచాడన్న సంతోషంతో ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస నిలవలేదు.

మా ఊళ్లో మధ్యాహ్నం అంటే ఏమిటో మాత్రం మరిచిపోయాను. యాట తెగేసరికే మూడయింది. కూర పొయ్యెక్కేసరికి ఐదు. పందిట్లో కూర్చుని నేను మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటుంటే, పారిపోవడానికి తొందరపడుతున్నానని చుట్టాలు అనుకున్నారు. భోజనాల బంతి వేసేసరికి చీకటి పడింది. కూర బకెట్టుతో అన్నే స్వయంగా వడ్డిస్తూ నా ముందుకొచ్చాడు. నేను, ప్యాంటు వదులైన ఘనుణ్ని, విస్తరికి అరచెయ్యి అడ్డం పెట్టాను.

"నాకు టైమైపోయిందన్నా. షుగరు."

ఇష్టంలేని ఇంట్లో తినకుండా తప్పించుకోవడానికి మా దగ్గర అందరూ చెప్పే సాకు అదే. నేనూ ఒకరిద్దరి ఇళ్లలో వాడుకున్నాను, ఏ షుగరూ లేని రోజుల్లో. ఇప్పుడు నిజమే చెప్పినా నా చెవులకే అబద్ధంలా వినిపించింది. అన్న బకెట్టు కింద పెట్టాడు.

"ఇంక గా గెట్టు లొల్లి కడుపుల పెట్టుకునే ఉన్నవా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా పందిరి వెనక్కి పోయాడు.

రక్తపరీక్ష సంగతి పక్కవాళ్లకు చెప్పబోయాను. ఒక్కరూ తలెత్తలేదు. ఖాళీ విస్తరి పట్టుకుని, అందరూ చూస్తుండగా అన్న వెనకాలే నడిచాను. ఆయన నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి గోలీ మింగుతున్నాడు. చేతిలోని గోలీల షీటును నేనెంత దూరం నుంచైనా గుర్తుపడతాను. మా పొడితో చేసే గోలీలే.

"నీకెప్పటిసంది అన్నా?"

"రెండేండ్లాయె."

"నాకు ఒక్కలు గూడ చెప్పలే."

"నువ్వడిగితే గద," అన్నాడు.

ముక్కూమొహం తెలియనివాళ్ల డబ్బాల్లోకి కూడా తొంగిచూసి షుగరు గురించి మందలించినవాణ్ని, సొంత అన్నను ఒక్కమాట అడగలేదు. ఏడుపొచ్చింది. పెట్టమని విస్తరి ముందుకు చాపాను. అన్న కూర బకెట్టుతో పాటు తనకూ ఒక విస్తరి తెచ్చుకున్నాడు. ఇద్దరం ఆ డ్రమ్ము పక్కనే నేల మీద కూర్చున్నాం.