బావగారి కెమెరా పరీక్ష

పాత కెమెరాల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం టీ తాగేవాళ్లకి బావగారు వస్తున్నారంటే ఓ వినోదం. చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించుకుని, గుండె పట్టేసినవాడిలా మెల్లిగా నడిచి వస్తున్నారంటే జేబులో కెమెరా ఉన్నట్టు. అది కూడా ఆయనకి నచ్చనట్టు.

"లేవండ్రా, జడ్జీగారొస్తున్నారు!" అనేవాడు టీ బండి అతను.

కొట్టు బావగారి బామ్మర్దిది. పాత కెమెరాలు కొని, తుడిచి, బాగుచేసి అమ్ముతాడు. 'నాలుగు రోజులు వాడి చూడండి, నచ్చకపోతే మార్చి ఇస్తాను' అని గాజు తలుపు మీద తనే రాసి అంటించుకున్నాడు. ఆ మాటని అంత మనస్ఫూర్తిగా వాడుకునే మనిషి సొంత అక్క మొగుడే అవుతాడని, పాపం, రాసేటప్పుడు అతనికి తట్టలేదు.

బావగారికి బయట ఉన్న పేరు గుర్తులాయన. పెద్ద లాండ్రీలో బట్టలు విడదీసే బల్ల దగ్గర ఆయన ఉద్యోగం. అక్కడికొచ్చే ప్రతి చొక్కాకీ కాలరు లోపల, ప్రతి ప్యాంటుకీ నడుం పట్టీ వెనక, చెరగని సిరాతో చీమ తలకాయంత అంకెలు వేస్తారు. ఉతుకూ ఇస్త్రీ అయి గుట్టగా వచ్చిపడ్డ బట్టల్ని ఆ అంకెలు చూసి ఎవరి మూట వాళ్లకి కట్టాలి. ఆ బల్ల దగ్గరే ఆయన జుట్టు నెరిసింది.

అలాంటి మనిషి చేతిలో ఒకసారి రెండు మూటలు తారుమారయ్యాయి. బడి హెడ్మాస్టరుగారి ప్యాంటు బరువులెత్తడం నేర్పే వస్తాదుకి వెళ్లింది. వస్తాదు ప్యాంటు హెడ్మాస్టరుగారికి వెళ్లింది. వస్తాదు ఊపిరి బిగబట్టి అందులో దూరనైతే దూరాడు గానీ, వంగి బరువెత్తి చూపించేసరికి వెనక కుట్టు పుటుక్కుమంది. ఆ పూటంతా శిష్యులకి గోడకి ఆనుకునే పాఠం చెప్పాడట. హెడ్మాస్టరుగారేమో ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో పిల్లలకి క్రమశిక్షణ గురించి చెప్పారట. లాండ్రీలో అందరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. యజమానురాలూ నవ్వింది. నవ్వి, అందరూ వెళ్లాక గుర్తులాయన దగ్గరికొచ్చి, "ఇంకోసారి ఇలా అయితే మాత్రం ఈ బల్ల దగ్గర వేరేవాళ్లని పెట్టుకోవాల్సొస్తుందండీ. మీకివ్వడానికి నా దగ్గర ఇంకో పని లేదు" అంది. మెత్తగానే అంది. కసిరినా బాగుండేదనిపించింది ఆయనకి.

సంగతేమిటంటే, ఆయన చూపులో సరిగ్గా మధ్యన ఎవరో వేలిముద్ర వేసినట్టు ఒక మసక చేరింది. కళ్లజోడు తుడిస్తే పోలేదు. కళ్లజోడు మారిస్తే పోలేదు. ఎదుట ఉన్న తలుపు చట్రం ఒక్కోసారి నడుం వంచినట్టు కనిపించేది. "కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామండీ" అని భార్య పోరుతుంటే "రేపు చూద్దాంలే" అనేవారు. ఆయన తండ్రి చివరి రోజుల్లో ఎదుటి మనిషి మొహం తిన్నగా కనపడక, పక్కకి తిరిగి మాట్లాడేవాడు. ఇంటికొచ్చినవాళ్లు తమ మీద కోపమేమో అనుకుని వెళ్లిపోయేవాళ్లు. డాక్టరు నోటి వెంట ఆ జబ్బు పేరు వినడం గుర్తులాయనకి ఇష్టం లేదు. వినకపోతే రాదని ఎక్కడో ఓ మూల ఆశ.

అలాంటి రోజుల్లో బామ్మర్ది కొట్లో ఒక దృశ్యం చూశారు. ఎవరో జేబు కెమెరాతో గోడ మీది చీమని ఫొటో తీసి, వెనక తెర మీద మీట నొక్కుతూ పెద్దది చేస్తున్నాడు. చీమ కాస్తా గేదె అయింది. గుర్తులాయన మనసులో దీపం వెలిగింది. లాండ్రీలో ఫోన్లు పనికిరావు. ఎవరో ఫోన్లో కబుర్లు చెబుతూ ఇస్త్రీపెట్టెని పట్టు చొక్కా మీదే వదిలేసిన దగ్గర్నుంచీ ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పెట్టి లోపలికి వెళ్లాలి. కెమెరా తేకూడదని మాత్రం ఎవరూ అనలేదు. ఎవరు తెస్తారు గనక!

"రోజూ జేబులో వేసుకు తిరగడానికిరా" అన్నారు బామ్మర్దితో. ఎందుకో చెప్పలేదు.

పరీక్షలు మొదలయ్యాయి. మొదటిది జేబులో పెడితే చొక్కా ఒక పక్కకి జారి, భుజం వాలిపోయినవాడిలా ఉన్నారు. రెండోది తేలికే గానీ, మీట నొక్కగానే జుయ్‌మని మూతి బయటపెట్టి కూత పెట్టేది. ఇస్త్రీ ఆవిడ ఉలిక్కిపడి, ఎలుకేమోనని బల్ల ఎక్కింది. మూడోది మధ్యాహ్నానికే కళ్లు మూసేసేది. నాలుగోది నల్లది, అగ్గిపెట్టెకి అన్నగారంత ఉంటుంది. చప్పుడు లేదు, ఆవిరిలోనూ తెర మసకబారలేదు, సాయంత్రం దాకా చార్జింగు నిలిచింది. కాలరు ఫొటో తీసి, బల్ల చాటున పెద్దది చేస్తే అంకెలు అరచేతి మీద రాసినట్టు కనిపించాయి. ఆయన మూటలు తప్పకుండా కట్టారు. ఇంటికి కూనిరాగం తీస్తూ వచ్చారు.

ఆ సంబరం కొన్నాళ్లే. అంకెలు మళ్లీ అలుక్కుపోవడం మొదలుపెట్టాయి. ఎంత పెద్దవి చేస్తే అంత పెద్ద మసక.

"ఇది పాడైపోయిందిరా. అద్దానికి ఏదో పట్టింది" అని కొట్టుకి తెచ్చారు.

బామ్మర్ది విప్పి చూశాడు. మళ్లీ బిగించాడు. "శుభ్రంగా ఉంది బావా. పెళ్లికి ముందు మా అక్కని కూడా ఇంత పరీక్షగా చూసుండవు నువ్వు."

"చూసుంటే మీ ఇంటి ఛాయలకి వచ్చేవాణ్ణి కాదు. వేరేది ఇవ్వరా."

టీ బృందం గొల్లుమంది. బామ్మర్దికి చిలిపి ఆలోచన వచ్చింది. లోపలికి వెళ్లి, అదే నల్ల కెమెరాకి ఎర్రటి తొడుగు తొడిగి, మెడలో కొత్త తాడు కట్టి తెచ్చాడు. "ఇది కొత్త రకం బావా. దీనికి వంక పెట్టావంటే నీ నోటికే వంక."

నాలుగు రోజుల తరువాత బావగారు వచ్చారు. అరచెయ్యి జేబు మీదే ఉంది.

"ఇది మరీ దరిద్రంగా ఉందిరా. ఆ నల్లదే నయం. అందులో అక్షరమన్నా ఆనేది."

బల్ల మీదివాళ్లకి తొడుగు సంగతి ముందే తెలుసు. టీ బండి అతను గ్లాసు కింద పెట్టి పొట్ట పట్టుకున్నాడు. తాళాలు చేసే ముసలాయన నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు. బామ్మర్ది నెమ్మదిగా ఎర్ర తొడుగు ఊడదీసి, నల్ల కెమెరాని గాల్లో తిప్పాడు.

"ఏం జడ్జీగారూ? ఇదే నయమా?"

బావగారూ నవ్వారు. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వారు.

"అసలేం తీశావో చూద్దాం అన్నా" అంటూ టీ బండి అతను కెమెరా అందుకుని తెర చూశాడు. "కాలరు. డెబ్బై ఎనిమిది. పక్కన టీ మరక కూడా కనిపిస్తోంది, ఎంత బాగా పడిందో! ఇదేమో నూట నాలుగు. దారప్పోగులు లెక్కపెట్టొచ్చు కదన్నా, దీనికా నువ్వు..."

చివరి మాట అతని నోట్లోనే ఆగిపోయింది. ఎందుకంటే బావగారు ఆ తెరకేసి మెడ చాచి చూస్తున్నారు. తిన్నగా కాదు. పక్షి గింజని చూసినట్టు, తల పక్కకి వాల్చి.

తాళాల ఆయన లేచి తన కొట్టుకి వెళ్లిపోయాడు. బామ్మర్ది చేతిలో ఎర్ర తొడుగు మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు అతనికి.

కొట్టు మూసి బావగారితో పాటు నడిచాడు. కాలిబాట అంచు వచ్చినచోటల్లా అతని చెయ్యి బావ మోచేతి దాకా వెళ్లి, పట్టుకోకుండానే వెనక్కి వచ్చేది.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"ఏమో. నేను కెమెరానే అనుకున్నారా. ఒట్టు, కెమెరానే అనుకున్నాను."

"నేను ఎగతాళికి..."

"నీదేముందిలే. మీ అక్కకి చెప్పకు."

అక్కకి చెప్పక్కర్లేకపోయింది. గుమ్మంలో తమ్ముడి మొహం చూసి, ఆవిడ తడి చేతులు చీరకొంగుకి తుడుచుకుని కెమెరా తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క ఫొటో చూసింది. కాలర్లు, నడుం పట్టీలు, కాలర్లు. వాటి నడుమ అక్కడక్కడా ఆవిడే. పొయ్యి దగ్గర, జడ వేసుకుంటూ, ఒకచోట నిద్రలో నోరు తెరుచుకుని. ఆయన ఆవిడ మొహాన్ని కూడా తెర మీద పెద్దది చేసుకుని చూద్దామనుకున్నారని ఆవిడకి అర్థమైంది.

"ఎలా ఉన్నాయే?" అడిగారు ఆయన.

ఆవిడ కెమెరాని తమ్ముడి వైపు చాపింది. "అన్నీ మసకే. ఒక్కటీ సరిగ్గా లేదు. ఏరా, బావకి పనికిమాలింది అంటగడతావా? సిగ్గులేదూ?"

తమ్ముడు తల దించుకున్నాడు. అక్క పెట్టిన ఆ చీవాట్లు అతనికి కాస్త హాయిగా కూడా అనిపించాయి.

గుర్తులాయన భార్య ఉన్న వైపు చెయ్యి చాపారు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"టీ బండివాడు దారప్పోగులు కూడా కనిపిస్తున్నాయన్నాడే. వాడికి నా మీద జాలిపడేంత చుట్టరికం లేదు. నువ్వు కూడా ఇలా చెబితే నేనింక ఎవరి కళ్లతో చూడాలి?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

"బాగా పడ్డాయండీ. అన్నీ. నేనే ముసలిదాన్నయిపోయాను."

"అదిగో, అలా చెప్పు."

"నిద్రలో తీసింది మాత్రం తీసెయ్యాలి. అసహ్యంగా ఉన్నాను."

ఆయన నవ్వబోయి ఆగారు. "ఆ హెడ్మాస్టరుగారి ప్యాంటు నవ్వుతో పోయింది. రేపు ఇంకేదో పోతుంది. అప్పుడు యజమానురాలు చెప్పేకంటే నేనే వెళ్లి చెప్పడం మర్యాద. పొద్దున్నే నువ్వూ నాతో లాండ్రీకి రా."

"నేనెందుకండీ? నాకేం మాట్లాడాలో తెలీదు."

"మాట్లాడేది నేనే. నేను చెప్పేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో నువ్వు చూడు. బయటికొచ్చాక నాకు చెప్పు. ఉన్నదున్నట్టు."