మొదటి పటం

విరుదునగర్‌లో డాక్టరు చెప్పింది నాకు బాగానే అర్థమైంది. సూది గుచ్చి తీసిన ముక్కను బట్టి ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉంది, కానీ చిన్నది, మెల్లగా పెరిగే రకం. ఇప్పుడే కోస్తే మేలుకంటే బాధే ఎక్కువ. మదురై వెళ్లి ఎమ్మారై స్కాన్ తీయించుకోవాలి, ఏడాది తర్వాత ఇంకొకటి. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూసి, పెరిగి ఉంటేనే వైద్యం.

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో కోవిల్‌పట్టిలో మా వీధివాళ్లు ఆ స్కాన్ పేరైనా వినలేదు. ఐదో తరగతితో బడి మాని మిల్లులో చేరినా, నలభయ్యో ఏట తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకుని దొరికిందల్లా చదివినవాణ్ణి నేను. రాహుకాలం చూసి బస్సెక్కేవాళ్లను టీకొట్టు ముందు నిలబెట్టి కడిగేసినవాణ్ణి.

మదురైలో స్కాన్ తీసే ఆయన నడుముకున్న వెండి మొలతాడు తీసేయమన్నాడు. ఒంటిమీద లోహం ఉండకూడదట. దాని మర మీద చెయ్యి వేశాను, తిప్పలేకపోయాను. మా ఇళ్లలో మగవాడి మొల బోసిపోయేది శవానికి నీళ్లు పోసేటప్పుడే. మా నాయనకు తీసింది ఈ చేత్తోనే. ఈ వయసులో భయమేంటి తాతా అని స్కాన్ తీసే ఆయన తమిళంలో అని నవ్వాడు. మర్యాద లేనిచోట నాకు స్కానే వద్దని కేకలేసి వచ్చేశాను. ఆ నవ్వు మీద కోపం ఇప్పటికీ ఉంది. అది నాకు సాకుగా పనికొచ్చిందని మాత్రం అప్పుడే తెలుసు.

స్కాన్‌లో భయపడేదేమీ లేదట, ఏడాది తర్వాత ఇంకొకటి తీస్తే చాలట, పటం డాక్టరు దగ్గరే ఉందని నా భార్యకు చెప్పాను. ఆమె నమ్మింది. డాక్టరు గడప తొక్కకుండా ఏడాది గడిపాను.

రెండో స్కాన్‌కు నేనూ వస్తానని ఆమె బస్సెక్కింది. సాత్తూరు దాటాక, తల వంచుకుని, ఉన్నదంతా చెప్పేశాను. విరుదునగర్ వచ్చేసరికి ఆమె నా వైపు తిరిగింది.

"నన్ను అడిగుంటే చెప్పనా?" అంది. "నూలుతాడు కట్టినాంక వెండిది తీసేది. బిడ్డలకు అట్లానే గదా మార్చేది. ఇంత చదివినారు, ఇది తెలీదా మీకు?"

మదురైలో దిగి నల్ల నూలుతాడు కొంది. స్కాన్ సెంటరులో బట్టలు మార్చుకునే తెర వెనక తనే కట్టి, వెండిది విప్పి, కొంగున ముడేసుకుంది.

పటం పట్టుకుని మర్నాడు విరుదునగర్ వెళ్లాం. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పోయినేటిది ఏదని అడిగాడు.

"లేదయ్యా," అంది ఆమె. "మేము తీయలే."

నేను తీయించుకోలేదని ఆమె అనలేదు. మేము అంది.

పటంలో మచ్చ ఉంది. పోయినేడే ఇంత ఉందో, ఈ ఏడాదిలో పెరిగిందో చెప్పడానికి పక్కన పెట్టేదేమీ లేదన్నాడు డాక్టరు. మళ్లీ సూది గుచ్చి ముక్క తీసి చూడక తప్పదన్నాడు. ఏ రోజు రావాలో ఆమే అడిగి తెలుసుకుంది. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.