కొనేవాళ్ళు లేని సంత

గ్రీన్ కార్డు చేతికి రాగానే మా ఆయన రవికి చేపల కొట్టు పిచ్చి పట్టింది. వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లో షాపు కూడా చూసేశాడు. సోమవారం లీజు మీద ఇద్దరం సంతకం పెట్టాలి, ఆ తర్వాత అతను ఉద్యోగం మానేస్తాడు. నాకది సుతరామూ ఇష్టం లేదు. కొట్టు గోడకు బొమ్మ కోసం వెతుకుతూ, వాషింగ్టన్‌లో ఓ మ్యూజియంలో బెల్జియం వైపు ఫ్లెమిష్ చిత్రకారులు వందల ఏళ్ళనాడు గీసిన సంత చిత్రాలు పెట్టారని కనిపెట్టాడు. సరే పదమన్నాను.

శనివారం కారు స్టేషన్‌లో పెట్టి సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే సుమారు గంట ప్రయాణం. మ్యూజియానికి టికెట్ లేదు. తలుపులు తీయగానే వెళ్ళాం కాబట్టి ఆ గదిలో మేమిద్దరం, కాపలా ఆవిడ, అంతే. గోడ నిండా సరుకే. క్యాబేజీలు, వేలాడే మాంసం, కోసిన చేపలు. పేరుకి ఏసు కథ బొమ్మలే అయినా, ఆ కథ ఎక్కడో వెనకాల వేలెడంత ఉంది. చేపలమ్మే ఆవిడ మాత్రం తిన్నగా మమ్మల్నే చూస్తోంది. రవికి వేళాకోళం ఎక్కువ. చేప మొప్పల మీదకు వంగి, "ఫ్రెష్‌గానే ఉంది. ఎంతకిస్తావమ్మా?" అన్నాడు.

నవ్వుకుంటూ కదిలాం. గుమ్మం దగ్గర రవి ఆగిపోయాడు. "ఛ, బోణీ బేరం! అడిగి కొనకుండా వచ్చేశా చూడు."

"బొమ్మకి బోణీ ఏంటి, రవీ?" అన్నాను గానీ, నేనూ వెనక్కి తిరిగి చూశాను. చేపలావిడ ఇంకా మమ్మల్నే చూస్తోంది. అంత సరుకు ముందు కొనేవాడు ఒక్కడూ లేడు.

"గది ఖాళీగా ఉంటే నేను ఆవిడ వైపు చూడను," అంది కాపలా ఆవిడ ఇంగ్లీషులో, నవ్వకుండా.

రవి వెళ్ళి బొమ్మ పక్కన నిలబడితే ఫొటో తీశాను. ఫోన్‌లో చేపలావిడ చూపు అతని మీద ఉంది. తలెత్తితే నన్నే చూస్తోంది. మళ్ళీ ఫోన్‌లో చూస్తే అతన్నే. ఫొటో చూశాక రవి జోకులు ఆపేశాడు.

తిరుగు రైల్లో, "సైన్ చేయొద్దులే. ఎవరూ రాకపోతే నేనూ అలాగే చూస్తూ కూర్చోవాలి. ఆఫీసే బెటర్," అన్నాడు. నెలల తరబడి ఈ మాట కోసమే పోట్లాడాను. తీరా విన్నాక అతని ముఖం చూస్తే ఏడుపొచ్చింది.

అన్నీ సర్దుకుని ఎవరికోసమో ఎదురుచూడటం ఎంత భయమో ఆ బొమ్మలు చూశాకే తెలిసింది. ఇంతకాలం ఆ భయాన్ని అతనొక్కడికే వదిలేశాను. మీరు వెళ్తే మాత్రం మధ్యాహ్నం, జనం ఉన్నప్పుడు వెళ్ళండి. మా స్టేషన్ వచ్చేలోగా నేను రవితో ఒకటే మాట అన్నాను: "సోమవారం నీకంటే ముందు నేనే పెడతాను సంతకం."