చీట్లు వద్దన్న పెద్దమ్మ

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరాకే. పుట్టింది వీపనగండ్ల దగ్గర, జొన్నచేల మధ్య. అలాంటి నాకు, సముద్రం ముందుకొస్తే ఒక తీరపట్నం ఎలా సర్దుకోవాలో ప్లాన్లు గీసే పని దొరికింది. మావాళ్లు నవ్వేవారు. నాకు మాత్రం గర్వానికి కొదవలేదు.

ఆ వేసవిలో ఒడ్డునున్న జాలరిపేటను వెనక మెరక మీదికి తరలించే ప్లాను నా చేతికొచ్చింది. అలలు అప్పటికే ముందు వరస గోడలను కోసేస్తున్నాయి కాబట్టి కదలక తప్పదు. ఎవరికి ఏ స్థలమన్నదే నేను తేల్చాలి. చీట్లు వేద్దామని రాశాను. గొడవలుండవు, పైరవీలుండవు. చీట్లను నేనే కనిపెట్టినంత సంబరంగా ఆ ప్లాను పట్టుకుని రెండు రోజుల సెలవుకు ఇంటికొచ్చాను.

మా నాన్న వదిన, నాకు పెద్దమ్మ, వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమెకు చదువు రాదు. ప్లాను పరిస్తే కళ్లు చికిలించి చూసింది.

“గీ నీలం రంగంత ఏంది బిడ్డా?”

“సముద్రం పెద్దమ్మా. ముందుముందు గీ వాడ దాంక వస్తదంట. అందుకే జనాన్ని మెరక మీదికి తీస్కపోతున్నం.”

“ఎవరికే జాగ ఎట్లిస్తరు?”

“చీట్లేస్తం. ఎవ్వరికీ అన్యాయం కాదు.”

ఆమె చెయ్యి ఆగింది. “మాకు గూడ గట్లనే ఏసిండ్రు,” అంది.

మా పాత ఊరు నేను పుట్టకముందే ఆనకట్ట నీళ్లలో మునిగింది. నేను పుట్టి పెరిగింది చీట్లతో పంచిన ఈ కొత్త ఊళ్లోనే. ఇళ్లెందుకిలా కలగాపులగంగా ఉన్నాయని ఎన్నడూ అడగలేదు. చదివింది మాత్రం ప్లానింగ్!

పెద్దమ్మ గింజల్ని నేల మీద ఒక్కొక్కటే పేర్చింది. ఒక్కో గింజా ఒక్కో ఇల్లు. ఎవరి గడప ఎటు చూసేది, వాన పడితే నీళ్లు ఏ సందులోంచి పోయేవి, ఎవరి పిల్లలు ఎవరింట్లో తినేవారు, అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఇన్నేళ్లుగా ఒక ఊరిని చెక్కుచెదరకుండా మోస్తున్న మనిషి మా ఇంట్లోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె ముందు నా చదువు చిన్నబోయింది.

ఒక గింజ మీద వేలు ఆగింది. “ఎదురింటి అవ్వ. పిల్లల జెరాలకు ఆమెనే మందిచ్చేది. పిలగానికి జెరమొచ్చి కండ్లు తేలేసిండు. మొగోళ్లంత కూలికి పోయిండ్రు. అలవాటుకొద్దీ ‘అవ్వా’ అని కేకేసిన. కొత్తూర్ల ఎదురింటికి తాళం ఉండె. అవ్వకు ఊరి అవతల మూలకొచ్చింది చీటీ. నేను ఉరికి ఆమెను తీస్కొచ్చేసరికి అయిపోయింది.”

పెద్దమ్మకొక కొడుకు, నాకొక అన్న ఉండేవాడని తెలుసు. ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

“చీటీల న్యాయముంటది బిడ్డా. ఎదురింటామె ఉండదు,” అని మళ్లీ చింతపండు అందుకుంది.

తిరిగి వెళ్లాక ప్లానులోంచి చీట్ల మాట కొట్టేశాను. పై అధికారి విసుక్కున్నాడు. ఇరుగుపొరుగులంటూ కూర్చుంటే ఏళ్లు పడుతుందన్నాడు. జాలరిపేట ఆడవాళ్లను పిలిచి అడగమన్నాను. ఒక్క పూటలో వాళ్లే తేల్చేశారు. ఏ సందు ఆ సందుగానే కదలాలన్నారు. ఆయనా తలూపాడు. ఆ సంతోషంలో పెద్దమ్మకు ఫోన్ చేశాను.

“మంచి పని చేసినవు,” అంది. అంతలోనే అడిగింది. “మరి ఎదురింటోళ్లకు కేకేస్తే ఇనబడ్తదా?”

ఎదురెదురు వరసల మధ్య నేను లారీలు తిరిగేంత పెద్ద రోడ్డు గీశాను. ఆ ప్లానులో నేను బాగా మురిసిపోయింది ఆ రోడ్డును చూసుకునే.

“ఇనబడదు పెద్దమ్మా,” అన్నాను.

“గీసేది నువ్వే గద. జర దగ్గరికి జరుపు,” అంది.