మా అన్నయ్య చేసింది గుండె పరిశోధన కాదు

మొన్న కావలి బస్టాండు ఎదురుగా మా అన్నయ్య బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎనభై దాటిన మనిషికి ఏదో పురస్కారం ఇస్తున్నారని మా పెద్దనాన్న మనవళ్ళ హడావుడి. దానిమీద 'గుండె వైద్యంలో మహా శాస్త్రవేత్త' అని రాయించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య జీవితమంతా పరిశోధించింది మూత్రాశయం మీద. ఆ మాట రాయిస్తే వంశం పరువు పోతుందట! అసహ్యమేసి తల తిప్పుకున్నాను.

ఆ పరువు సంగతి నాకు బాగా తెలుసు. బోగోలు దగ్గర మా ఉమ్మడి ఇంట్లో, మా పిన్నికి, అంటే బాబాయి భార్యకు, రెండో కాన్పు తర్వాత ఒక బాధ పట్టుకుంది. వడ్లు దంచుతూనో పొయ్యి ఊదుతూనో ఉండగా ఉన్నట్టుండి మూత్రం తన్నుకొచ్చేది, పెరట్లోకి పరుగెత్తేలోపే చీర తడిసిపోయేది. అంతే, ఆమె పక్కను గొడ్ల సావిడి వైపుకు మార్చారు, ఆమె వడ్డిస్తే తినేది లేదన్నారు. చేపలు తోమిన చేతులతోనే వక్క నమిలే మావాళ్ళకు పిన్ని ఉతికి ఆరేసిన చీర మాత్రం కంపు కొట్టేది.

అట్లా ఏళ్ళు గడిచాక, అరవైల మొదట్లో ఒక నడివేసవిలో, ఆమె కూతురి పెళ్ళి కుదిరింది. పిన్నికి ఒకటే కోరిక, పీటల మీద కూర్చుని తన చేత్తో నీళ్ళు వదిలి కూతుర్ని ధారపోయాలని. సరేగానీ ముందురోజు సాయంత్రం నుంచీ మంచినీళ్ళు ముట్టకూడదని మా పెద్దమ్మ షరతు పెట్టింది. తాటాకు పందిట్లో వచ్చినవాళ్ళందరికీ మజ్జిగా ముంజలూ అందుతుంటే, పిన్ని పెదవులు ఎండిపోయి అట్లాగే కూర్చుంది. మద్రాసులో వైద్యం చదువుతూ పెళ్ళికి వచ్చిన అన్నయ్య, "నీళ్ళు మానేస్తే ఆగేది కాదు పెద్దమ్మా, మంట పుట్టి ఇంకా ఎక్కువవుద్ది, తాగనీండి" అని మొత్తుకున్నాడు.

"నాలుగు పుస్తకాలు చదవంగానే మాకు చెప్పేదానికి వచ్చినావా?" అని పెద్దమ్మ కసిరింది.

అల్లుడి కాళ్ళు కడగడానికి చెంబు వంచి, నీళ్ళ ధార పళ్ళెంలో పడిందో లేదో, ఆ చప్పుడుకే పిన్ని చీర తడిసిపోయింది. మగపెళ్ళివారిలో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచింది. పెద్దమ్మ పిన్నిని రెక్క పట్టుకుని లేపి పెరట్లోకి పంపి, పెద్దనాన్నను పిలిచి తామిద్దరూ పీటలెక్కారు. బాబాయి తన పీట వదిలేసి పక్కకు తప్పుకున్నాడు, ఆయనను తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత. అన్నయ్య మాత్రం భోజనాల వేళ తన విస్తరి పట్టుకెళ్ళి పిన్ని పక్కన కూర్చుని తిన్నాడు.

చదువయ్యాక అందరూ ఆస్పత్రి పెట్టుకోమంటే వినక మందుల పరిశోధనలో చేరాడు. మేక మూత్రాశయపు కండను సన్నగా కోసి, గాజుపాత్రలో వేలాడదీసి, దానిమీద ఏ మందు ఎట్లా పనిచేస్తుందో చూసేవాడట. నరం చివర ఒక రసాయనం ఊరుతుందనీ, కండ మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయనీ, అది తగలగానే కండ బిగుసుకుంటుందనీ, ఆ చోటును ముందే వేరే మందు ఆక్రమిస్తే బిగువు సడలుతుందనీ సెలవులకు వచ్చినప్పుడు ఎంతో ఉత్సాహంగా నాకు చెప్పేవాడు. ఏ గ్రాహకం పని ఏమిటో తేల్చడంలోనే వయసంతా గడిచిపోయింది. ఇంట్లో ఆ ఊసెత్తితే చాలు, తినేటప్పుడు ఆ పాడుమాటలేందని విసుక్కునేవారు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు సంగతి విని వెనక్కి పోయారు కూడా.

అన్నయ్యలాంటివాళ్ళు ఎందరో ఏళ్ళతరబడి తెలుసుకున్నదాన్ని పట్టుకునే తర్వాత ఈ బాధకు మాత్రలు తయారయ్యాయి. అప్పటికి పిన్ని లేదు. ఇప్పుడు మా ఈడు ఆడవాళ్ళం మందులషాపులో నిలబడి వాటిని తలనొప్పి మాత్రల్లాగే అడిగి తెచ్చుకుంటున్నాం, ఎవరూ ముక్కు మూసుకోవడం లేదు.

ఆనాటి పెళ్ళికూతురు, మా చెల్లెలు, కూడా అవే వాడుతోంది. పోయిన నెల మాటల మధ్యలో, "ఈ మాత్ర అప్పుడే ఉండుంటే మాయమ్మే నన్ను ధారపోసుండేది గదక్కా" అంది. అవునన్నాను. మాత్ర మింగడానికైనా గుక్కెడు నీళ్ళివ్వాలి కదా, మావాళ్ళు ఆరోజు అవి కూడా ఇవ్వలేదని దానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.