అడగకుండా వేసిన చీటీ

మొన్న ఉదయం మా తమ్ముడి కూతురు నా ఫోనుకు ఒక దరఖాస్తు ఫారం పంపి, అత్తా, ఒకసారి చూసిపెట్టు అంది. మూలకణాల మీద పరిశోధన మొదలుపెట్టిన చిన్నవాళ్ళను ఏడాదిపాటు విదేశీ ప్రయోగశాలకు పంపి, అక్కడి ఖర్చంతా భరించే ఫెలోషిప్పు అది. వాళ్ళ ల్యాబు నుంచి ఒక్క పేరే పంపాలట, తనకూ తన స్నేహితురాలికీ ఇద్దరికీ అర్హత ఉందట. తడ దగ్గర సరస్సు ఒడ్డున ఉన్న మా ఇంటి అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు సవరించుకుంటూ గడి తర్వాత గడి చదువుకుంటూ పోయాను గానీ, పుట్టిన తేదీ దగ్గర గరిష్ఠ వయసు అన్న మాట కనబడేసరికి ఇక ముందుకు సాగలేదు. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

నేనూ ఒకప్పుడు అలాంటి ఫారం నింపినదాన్నే. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మూలకణాలంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకు చెప్పడమే పెద్ద పరీక్ష. కంటి నల్లగుడ్డు అంచున ఉండే కణాలను గాజుగిన్నెల్లో పెంచి, సున్నం పడో యాసిడ్ చిమ్మో కాలిపోయిన కళ్ళకు మళ్ళీ చూపు తెప్పించవచ్చా అన్నది మా పని. మా అమ్మ మాత్రం ఎవరడిగినా, కళ్ళ డాక్టరు దగ్గర చిన్న ఉద్యోగం అని తేల్చేసేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, మద్రాసులో ల్యాబు దాకా పోయిన పిల్లను గురించి అంతకంటే చెప్పడం ఆమెకు రాలేదు, నిజానికి నాకూ వచ్చేది కాదు.

ఆ ల్యాబులో నాకంటే పెద్దది ఒక అక్క ఉండేది. నెల్లూరు ఆవిడ, క్రైస్తవులు, తల్లి ఆసుపత్రిలో నర్సు. డిగ్రీ కాగానే కొన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఇద్దరు చెల్లెళ్ళను చదివించి, వాళ్ళు ఒక దారిలో పడ్డాక గానీ పరిశోధనకు రాలేదు. కణాలకు రోజూ ఆహారద్రవం మార్చాలి, దాన్ని మేము మేత వేయడం అనేవాళ్ళం. మేతకు ఆదివారమూ లేదు, పండగా లేదు. క్రిస్మస్‌కు అక్క ఊరికి పోతే ఆమె కణాలకు నేను మేత వేసేదాన్ని, దీపావళికి నా వాటికి ఆమె వేసేది. వచ్చేటప్పుడు ఆమె కజ్జికాయలు తెచ్చేది, నేను ఎండు రొయ్యలు తెచ్చేదాన్ని. ఒకసారి ఆ రొయ్యల పొట్లం మందుల ఫ్రిజ్‌లో పెట్టి, ఇద్దరం మా సారు చేత చీవాట్లు తిన్నాం. సారు అటు తిరగ్గానే అక్క ఇంకో పొట్లం ఎప్పుడు తెస్తావమ్మే అని అడిగింది, అదీ ఆమె తీరు.

అలా ఉండగా ఫెలోషిప్పు ప్రకటన వచ్చింది. ఒక్క పేరే పంపాలి. మా సారు మంచివాడే గానీ గట్టి మాట చెప్పడానికి వెనకాడే మనిషి, మీలో మీరే తేల్చుకోండి అనేశాడు. అప్పుడు నేనే అన్నాను, మా ఊళ్ళో అయితే చీటీ వేస్తారక్కా అని. సరస్సులో రొయ్య ఎక్కువగా పడే చోట్లు కొన్నే ఉంటాయి, అందరూ ఒకేసారి వల వేస్తే తలలు పగులుతాయి, అందుకని ఇంటింటికీ వంతులు. ఎవరి వంతు ముందన్నది చీటీ తేలుస్తుంది. ఈసారి రానివాడు గట్టున వల ఆరబెట్టుకుంటాడు, వంతు మాత్రం తిరిగి వాడి ఇంటికి వచ్చి తీరుతుంది. ఇదంతా నేను ఎంత గొప్పగా చెప్పానని! అక్క నవ్వి సరేనంది. రెండు కాగితం ముక్కలు చుట్టి ఖాళీ గాజుగిన్నెలో వేశాం, అక్కే తీసింది. నా పేరు వచ్చింది. పోయిరామ్మే, నీ వెనకే నేను, అంది.

పోయాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే దేశం. కణాలను పలచటి పొరలా పెంచి కంటికి అంటించే పద్ధతి అక్కడే నేర్చుకున్నాను. ఇక్కడ నా కణాలకు ఏడాదంతా అక్కే మేత వేసింది, ఒక్క గిన్నె కూడా పాడు కాలేదని ఉత్తరం రాసింది. తిరిగి వచ్చిన వారంలోనే, ఇప్పుడు అక్క వంతు అంటూ కొత్త ప్రకటన పట్టుకుని, ఆమెను లాక్కుని సారు గదిలోకి పోయాను. సారు వయసు రాసిన వరుస మీద వేలు పెట్టాడు. అక్కకు ఆ హద్దు దాటిపోయింది. చీటీ వేసిన ఏడే ఆమెకు ఆఖరి అవకాశం.

అక్కకు అది ఆ రోజే తెలుసు. బయటికి వచ్చి, ఎందుకు చెప్పలేదని ఏడ్చాను. నువ్వు అడగలా, నేను చెప్పలా, దానికేముందిలే, పద, మేత టైమైంది, అంది.

నువ్వు అడగలా అన్న ఆ మాట ఇన్నేళ్ళూ నన్ను వదల్లేదు. ఎందుకంటే మా ఊరి చీటీల పద్ధతిలో సగమే నేను అక్కకు చెప్పాను. మా తాత ఊరిపెద్ద, చీటీలు ఆయనే వేయించేవాడు. వేయించే ముందు, ఈ తూరి ఎవురికన్నా అవసరముందా, చెప్పండయ్యా, అని అడిగేవాడు. కూతురి పెళ్ళో, ఇంట్లో జబ్బో ఉన్నవాడు చెప్పుకుంటే చీటీ లేకుండానే మొదటి వంతు వాడిది. నోరు తెరిచి చెప్పుకోలేని మొహమాటస్తులు ఉంటారని మూడుసార్లు అడిగేవాడు. అది నేను మరిచిపోయానని నాకు నేనే చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. మరవలేదు. అక్క చెవుల దగ్గర నెరుస్తున్న వెంట్రుకలు నాకు కనబడుతూనే ఉన్నాయి. అడిగితే ఏం చెబుతుందో అని భయపడి అడగలేదు.

ఆ ఏడాది నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. పెద్ద ఉద్యోగాలు చేశాను, దండలు వేయించుకున్నాను. అక్క ఆ గదిలోనే ఉండిపోయి, తర్వాత విదేశాలకు పోయిన ప్రతి పిల్లకూ గిన్నె పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది. పోయిన ఏడు నెల్లూరులో ఆమె సమాధి దగ్గర నిలబడినప్పుడు కూడా ఈ సంగతి నా నోట రాలేదు. బతికి ఉండగా చెప్పి ఉంటే, పోనీలేమ్మే అనే ఉండేది. ఆ మాట వినే అర్హత నాకు లేదనిపించేది.

ఇప్పుడు మా ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీలకు పోతున్నారు. చీటీలు ఇంకా వేస్తున్నారు గానీ, వచ్చిన పేర్లు ఫోన్లో పెట్టేస్తారు. ముందు నిలబడి అడిగే పెద్దమనిషి లేడు.

సాయంత్రం మా తమ్ముడి కూతురికి ఫోను చేసి, ఎవరికీ చెప్పని ఈ కథంతా చెప్పాను. ఫారం సంగతి తర్వాత, ముందు నీ స్నేహితురాలిని అడగవే, ఒకసారి కాదు, మూడుసార్లు అడుగు, అన్నాను. అడిగితే నా వంతు పోతుందేమో అత్తా, అంది. పోవచ్చు తల్లీ, అన్నాను. ఈ కాలం పిల్ల, భయాన్ని భయమని పైకి చెప్పగలిగింది. నేను దాన్ని లోపల దాచుకుని, రెండు కాగితం ముక్కలు చుట్టి, న్యాయం చేస్తున్నానని నవ్వుతూ అక్క ముందు పెట్టాను.