గడప దాటని రాణి

డెబ్బైల నాటి మాట. పందొమ్మిదేళ్ల వయసులో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, ఆయన చేసిన మిగతా ప్రాణుల మీద అంత అనుమానం. సండేస్కూలు టీచర్ని కాబట్టి, దురాత్మ ఎక్కడ దూరినా పసిగట్టగలనని ధీమా. కుక్కలంటే మరీ అనుమానం. బైబిలు వాక్యంలో వాటిని మెచ్చుకున్న చోటు వెదికాను గానీ దొరకలేదు (గట్టిగా వెదకలేదు కూడా). అలాంటిది, గన్నవరం దగ్గర మా ఊరి మిషన్ ఆసుపత్రి దొరసాని ఒక నాటుకుక్కకు చూపు లేనివాళ్లను నడిపించడం నేర్పి, దాని తోలుపట్టీ తెచ్చి మా మావయ్య చేతిలో పెట్టింది. పుట్టుకతో చూపు లేని మావయ్య కుర్చీలకు కేన్ అల్లేవాడు, చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ప్రతి ఆదివారం ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నేనే. ("అబ్బాయికి ఎంత ప్రేమో" అని ఆడవాళ్లు అనుకుంటే వినబడేలా, కాస్త నెమ్మదిగా.)

కుక్క పేరు రాణి. దొరసాని వాళ్లిద్దర్నీ రోజూ వీధుల్లో తిప్పుతుంటే, తప్పు పట్టుకుందామని నేనూ వెనకే తిరిగాను. దారికి అడ్డంగా గంపలు, బిందెలు పెట్టించేది. సందుంటే రాణి పక్కనుంచి నడిపించేది, లేకపోతే కూర్చునేది. "ఆయన లాగినా లేవకూడదు. లేస్తే ఆయన పడతాడు," అనేది దొరసాని.

"ఒక కుక్కకు ఇంత తెలివి ఎవరిచ్చారంటావు మావయ్యా?" అన్నాను.

"నీకిచ్చినవాడే. నీకిచ్చి మిగిలింది దానికిచ్చినట్టున్నాడు, చాలానే మిగిలింది."

కుక్కను చర్చిలోకి రానివ్వడానికి సంఘపెద్దలు ఒక్క ఆదివారం చూద్దామన్నారు. ఏదైనా తేడా వస్తే కుక్క తిరిగి దొరసాని దగ్గరికే. "ఇన్నేళ్లూ ఎవరో ఒకరి చెయ్యి ఖాళీ అయ్యేదాకా కూర్చున్నానురా. నాకు బుద్ధి పుట్టినప్పుడు లేచి వెళ్లాలనుంది," అన్నాడు మావయ్య. ఆ మాట నా చేతికే తగిలింది.

ఆదివారం కాలవ గట్టు మీద ఎడ్లబండ్ల మధ్యనుంచి ఆయన్ని చక్కగా తెచ్చిన రాణి, చర్చి మెట్ల దగ్గర కూర్చుంది. ఇక లేవదు. లోపల హార్మోనియం లేకుండానే పాట మొదలైంది. సంఘం కోశాధికారి, ఊరంతా తాతగారని పిలిచే పెద్దాయన, బయటికొచ్చారు.

"చూశారా, గడప దాటలేకపోతోంది. దాని లోపలున్నది కుక్క కాదు."

"మరేంటండీ?" అన్నాడు మావయ్య.

"పేరు పలకకూడనిది."

"నేను మొదట్నుంచీ అనుమానపడుతూనే ఉన్నాను తాతగారూ," అంటూ కళ్లు మూసుకుని, దాన్ని వదిలిపొమ్మని గద్దిస్తూ ప్రార్థన చేశాను. రాణి నోరంతా తెరిచి ఆవులించింది. "పోతోంది, పోతోంది," అంటూ తాతగారు రెండడుగులు వెనక్కి వేశారు. పోయిందేమో తెలియదు గానీ, రాణి మాత్రం కదల్లేదు.

"ఇక చాలు. పట్టీ వదిలెయ్యమను, మావయ్యను నువ్వే తీసుకురా," అన్నారాయన.

మావయ్య ముఖం చిన్నబోయింది. పట్టీ మాత్రం వదల్లేదు. నేను ఆయన రెండో చెయ్యి పట్టుకుని, ప్రతివారంలాగే, మెట్ల మీద గుట్టగా పడున్న సంఘం చెప్పుల్ని కాలితో పక్కకు తోశాను. రాణి లేచింది. మావయ్యను తిన్నగా లోపలికి నడిపించి హార్మోనియం పక్కన కూర్చుంది.

"నీ ప్రార్థనలో బలం ఉందిరా అబ్బాయీ," అన్నారు తాతగారు.

మావయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "చెప్పులు తోశావా?"

"...తోశాను."

"ఇన్నేళ్లూ తోస్తూనే ఉన్నావా? నాకు తెలియనే తెలియదురా." నవ్వాడు. "పాపం, దానికి తోయడం నేర్పలేదు దొరసాని."

మావయ్యా రాణీ ప్రభువు దగ్గరికి వెళ్లి చాలాకాలమైంది (రాణి సంగతి వాక్యంలో లేదు, నా నమ్మకం నాది). ఇప్పటికీ చర్చి మెట్ల దగ్గర నా కాలు దానంతటదే చెప్పుల్ని పక్కకు తోస్తుంది. "నీ వెనక ఎవరూ లేరుగా తాతయ్యా," అంటుంది మనవరాలు. నేను మాత్రం చెయ్యి కాస్త వెనక్కి చాచి, ఒక్క క్షణం ఆగి, లోపలికి నడుస్తాను.